ఎండ చూడమన్నారు, చూశాను

విమానం దిగేసరికి అక్కడ ఉదయం 7. నా ఒంట్లో మాత్రం రాత్రి 10. తూర్పు వైపు 9 గంటల తేడా ఉన్న చోటికి ఆఫీసు పని మీద వెళ్లాను. బయల్దేరే ముందు అందరూ చెప్పిన మాట ఒకటే: "దిగగానే పడుకోకు. పొద్దున్నే ఎండలో తిరుగు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది." సరేనన్నాను. ప్రయాణ బడలికకే జెట్ లాగ్ అని గొప్ప పేరు పెట్టారని అప్పటికి నా అభిప్రాయం.

కాదని మొదటి రాత్రే తెలిసింది. 11కి లైటు ఆర్పితే కన్ను మూతపడితే ఒట్టు. ఒంటికి అది మధ్యాహ్నం 2 గంటల వేళ, నిద్రెలా వస్తుంది? అర్ధరాత్రి దాటాక ఆకలి దంచేసింది. ఏ 5 గంటలకో కాస్త కునుకు పడితే అలారం మోగింది. సలహా గుర్తొచ్చి లేచి గంటసేపు ఎండలో నడిచాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మధ్యాహ్నాలు ఇంకా ఘోరం. ఒంటిగంట అయ్యేసరికి ఎండలో కూర్చున్నా చలి వేసేది. కళ్లలో ఇసుక పోసినట్టు మంట. నాలుగో రోజు మీటింగులో ఎవరో నా పేరు పిలిస్తే "ఆఁ, వచ్చేస్తున్నా" అన్నాను. ఎక్కడికో నాకే తెలీదు. తగ్గాల్సింది పోయి రోజురోజుకీ పెరుగుతోంది. పొద్దున మొదలయ్యే మగత అప్పటికి సాయంత్రం 5 దాకా వదలట్లేదు. ఇదేదో వేరే జబ్బేమోనని టెన్షన్ పట్టుకుంది. పెద్దమ్మ కూతురు డాక్టరు. ఆవిడకి ఫోన్ చేశాను.

"ఏరా, పొద్దున్నే ఎండలో తిరుగుతున్నావా?"

"రోజూ గంట. ఒక్కరోజు కూడా మానలేదక్కా."

"అదే కొంప ముంచింది. ఇంట్లో ఎన్నింటికి లేస్తావు?"

"6కి."

"అయితే 4 ప్రాంతంలో నీ ఒంటి వేడి బాగా పడిపోతుంది. మనకి 4 అంటే అక్కడ ఎంత?"

లెక్క వేశాను. మధ్యాహ్నం 1. చలి వేసే వేళ!

అక్క చెప్పింది నాకర్థమైనంత వరకు ఇది. మెదడులో, రెండు కంటి నరాలూ ఒకదాన్నొకటి దాటే చోటుకి సరిగ్గా పైన, దాదాపు 20 వేల కణాల గుంపు ఉంటుంది. ఒంటి గడియారం అదే. వెలుగు ఏ వేళ పడిందన్న దాన్ని బట్టి అది ముందుకో వెనక్కో జరుగుతుంది. ఒంటి వేడి అట్టడుగుకి చేరిన వేళ దాటాక వెలుగు చూస్తే గడియారం ముందుకి, దానికి ముందు గంటల్లో చూస్తే వెనక్కి. తూర్పుకి వెళ్లినవాడికి ముందుకి జరగాలి. నేనేమో ఒంటికి రాత్రి 10 అయిన వేళ ఎండ చూపించి, రోజూ పనిగట్టుకుని వెనక్కి తోశాను. పైగా ఈ గడియారం సొంత చుట్టు 24 గంటల కంటే కొంచెం ఎక్కువేనట. వెనకబడమంటే దానికి సరదా. చిన్న తేడాలకి పొద్దుటి ఎండ మంచిదే, 9 గంటలకి మాత్రం కాదు.

"ఇప్పటికే రెండు గంటలు వెనక్కి పోయుంటావు. రేపు 3 దాకా వెలుగు చూడకు. 3 దాటాక బయట తిరుగు. ఎల్లుండి 2. అలా రోజుకో గంట ముందుకి తీసుకురా. కారు తాళాలు ముట్టుకోకు."

రాత్రి పడుకునే ముందు అర మిల్లీగ్రాము మెలటోనిన్ వేసుకోమంది. అది నిద్రమాత్ర కాదని, చీకటి పడిందని ఒంటికి చెప్పే కబురు మాత్రమేనని రెండుసార్లు చెప్పింది. ఈ మోతాదు నా వివరాలన్నీ అడిగాక నాకు చెప్పింది, అందరికీ కాదు.

పొద్దున్నే నల్లకళ్లద్దాలతో ఆఫీసుకి వెళ్తే కళ్లకలక అనుకుని ఎవరూ దగ్గరికి రాలేదు. ఒక రకంగా అదీ మంచిదైంది. మధ్యాహ్నం 20 నిమిషాల కునుక్కి అనుమతి ఉంది. ఒకరోజు అలారం వినిపించక మూడు గంటలు పడుకుని, లేచాక ఏ ఊళ్లో ఉన్నానో తెలియక గోడ వంక చూస్తూ కూర్చున్నాను.

ఏడో రాత్రి మొదటిసారి నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయాను. ఎనిమిదో రాత్రి మళ్లీ జాగారం. కడుపు సంగతి ఇంకో కథ. జీర్ణాశయానికీ కాలేయానికీ వాటి గడియారాలు వాటికున్నాయట, మెదడు సర్దుకున్నంత మాత్రాన అవి మాట వినవు. నిద్ర గాడిన పడ్డాక కూడా మలబద్ధకం వదలలేదు. స్థానిక వేళలకి తినడం మొండిగా కొనసాగిస్తే పన్నెండో రోజుకి లొంగింది. పదమూడో రోజు పొద్దున అలారం కంటే ముందు లేచాను, ఆకలితో.

పదహారో రోజు తిరుగు ప్రయాణం.

పడమటి వైపు సులువన్నారు, నిజమే, ఆరు రోజుల్లో తేలిపోయింది. కానీ ఇంటికి చేరిన తొలిరోజు మధ్యాహ్నం 2కి, చెప్పులైనా విప్పకుండా, హాల్లో సూట్‌కేసు మీద తల పెట్టి నిద్రపోయానట. అక్క ఫోన్ చేసిందట కూడా.