నీళ్లు తాగిన బేరింగు

"మంచు మీద జారే బండికి చక్రాలెందుకురా?" అని మా మావయ్య అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. స్నోమొబైల్ ఫొటో చూస్తే ముందు మంచు మీద జారే రెండు పొడవాటి పలకలు (స్కీలు), వెనక వెడల్పాటి రబ్బరు ట్రాక్, అంతే కనిపిస్తాయి. చక్రాలు ఆ ట్రాక్ లోపల దాక్కుని ఉంటాయి. చలికాలంలో నా పనిలో సగం వాటి చుట్టూనే.

నేనుండేది ఉత్తర ఒంటారియోలోని సడ్‌బరీలో. నికెల్ గనుల ఊరు. అక్కడ ఒక చిన్న వర్క్‌షాపులో మెకానిక్‌ని. మంచు ఉన్నన్నాళ్లూ స్నోమొబైళ్లు, కరిగాక పడవ మోటార్లు, గడ్డి కోసే మిషన్లు. అందుకే సంక్రాంతికి కోనసీమలోని మా ఊరు రావడం నాకు కుదిరే పని కాదు. జనవరిలో మాకు ఊపిరాడదు. సఖినేటిపల్లి, మలికిపురం వైపు కుర్రాళ్లంతా కోడిపందేలకీ, కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ దిగిపోతుంటే నేను అక్కడ ఐసు గడ్డల కింద నట్లు వెతుక్కుంటూ ఉంటాను. నాకు సెలవు దొరికేది ఎండలు ముదిరాక, డెల్టా కాలువలు కట్టేసి పూడికలు తీసే రోజుల్లో. "ఎవరూ లేనప్పుడొస్తావేంట్రా" అని అమ్మ సణుగుతుంది. కానీ మామిడిపళ్లకి పోటీ ఉండదు, అది వేరే సంగతి.

మావయ్యకి చెప్పినట్టే ఇక్కడా చెప్తాను. ట్రాక్ అంటే రైసుమిల్లు బెల్టుని పదిహేను అంగుళాల వెడల్పు చేసి, బయటివైపు రబ్బరు పళ్లు మొలిపించినట్టుంటుంది. దాని లోపల రెండు పొడవాటి అల్యూమినియం రెయిళ్లు, వాటి అడుగున ప్లాస్టిక్ స్లైడర్లు. బండి బరువులో చాలా భాగం ఆ స్లైడర్ల మీదే పడుతుంది. ట్రాక్‌కున్న ఇనుప క్లిప్పులు ఈ ప్లాస్టిక్‌ని రాసుకుంటూ పరిగెడతాయి. ఆ రాపిడికి ఆయిల్ ఎవరూ పొయ్యరు. పొడి మంచు లోపలికి ఎగిరి పడి, కరిగి, ఆ తడే కందెనలా పనిచేస్తుంది. మంచు పలచబడి దారి గట్టి ఐసులా మారిందా, ప్లాస్టిక్ వేడెక్కి కరగడం మొదలవుతుంది. అలాంటప్పుడు బరువుని కొంత మొయ్యడానికి రెయిళ్ల పక్కన చిన్న చక్రాలు పెడతారు. బోగీ చక్రాలంటారు, ఐడ్లర్లంటారు. మోడల్‌ని బట్టి ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉంటాయి. ఆఖరున ఇరుసు మీద ఉండే పెద్ద చక్రాలు ట్రాక్ బిగువుని పట్టి ఉంచుతాయి. చక్రం ప్లాస్టిక్‌ది, అంచున రబ్బరు, మధ్యలో ఒక బాల్ బేరింగు, అది జారిపోకుండా గాడిలో కూర్చునే ఒక స్ప్రింగు రింగు, సర్‌క్లిప్ అంటారు. ఇంతే సరుకు.

"ఇంత చిన్న చక్రం ఏం పాడవుతుందిరా?" అన్నాడాయన. లెక్క వేసి చూపించాను. అయిదున్నర అంగుళాల చక్రం ఒక్క చుట్టు తిరిగితే సుమారు 44 సెంటీమీటర్లు పోతుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో బండి పోతుంటే ఆ చక్రం నిమిషానికి దాదాపు 3,800 చుట్లు తిరగాలి. ఇంట్లో ఫ్యాను ఎంత వేగంగా తిప్పినా నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లే. పైగా ఈ బేరింగు తిరిగేది గదిలో కాదు, బురద మంచులో, ఉప్పు నీళ్లలో.

తిరగడం వల్ల బేరింగు చావడం తక్కువ. నిలబడ్డప్పుడే చస్తుంది. చక్రం పరిగెడుతున్నప్పుడు బేరింగు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచించి, బేరింగు పక్కన మూతలా ఉండే రబ్బరు సీలు అంచు నుంచి కొంచెం బయటికి పోతుంది. బండి ఆగి, ఆ వేడి బేరింగు తడి మంచులో ఒక్కసారిగా చల్లబడితే లోపల గాలి ముడుచుకుంటుంది. అప్పుడు సీలు అంచున ఉన్న నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఒక చుక్క చాలు. ఆ చుక్క గ్రీజులో కలిసి దాన్ని పాలలా తెల్లగా చేస్తుంది. తర్వాత వేసవి అంతా బండి షెడ్డులో కదలకుండా ఉంటుంది కదా, బాల్స్ ఒకేచోట ఆనుకుని, ఆనిన చోట తుప్పు గుంట పడుతుంది. మళ్లీ మంచు పడ్డాక మొదటి రోజే గరగర.

మావయ్య ఇది విని కాసేపు మాట్లాడలేదు. ఆయనకి సముద్రం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పట్టుబడి అయిపోయాక, రెక్కలతో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ లాగి గట్టు మీద పడేస్తారు, మళ్లీ పిల్ల వేసేదాకా వాటి వంక ఎవరూ చూడరు. తీరా అవసరమయ్యేసరికి ఒక్కోటీ బిగుసుకుపోయి ఉంటుంది. "మరి ఇవి రాత్రంతా తిరిగినప్పుడు బాగానే ఉన్నాయి గదరా" అన్నాడు. అదే నేను చెప్పేది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రంతా తిప్పుతారు, ఎండెక్కాక కొన్నిటిని ఆపేస్తారు. వేడి మీదున్న మోటారు ఉప్పునీటి తుంపర మధ్య చల్లబడుతుంది. సడ్‌బరీలో మంచు చేసే పని ఇక్కడ ఉప్పుటేరు నీళ్లు చేస్తున్నాయి.

మా వైపు రోడ్ల మీద కూడా ఉప్పే. మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు, చలి మరీ ఎక్కువైతే అది పనిచెయ్యదు గనుక ఇసుక పోస్తారు. స్నోమొబైల్‌ని తెరిచిన ట్రెయిలర్ మీద కట్టి హైవే మీద తీసుకుపోతే ముందున్న లారీ చిమ్మిన ఉప్పు నీళ్లన్నీ ఈ బేరింగుల మీదే. అడవిలో వంద కిలోమీటర్లు తిరిగిన బండి కన్నా ట్రెయిలర్ మీద వంద కిలోమీటర్లు వచ్చిన బండికి తుప్పు ఎక్కువ. ఆ సంగతి చెప్తే కొత్త కస్టమర్లు నమ్మరు. ఇంటికెళ్లి ప్రెషర్ వాషర్‌తో బాగా కడిగామని గొప్పగా చెప్తారు. ఆ ఫోర్సుకి సీలు అంచు పైకి లేచి, బయటున్న ఉప్పు నీళ్లు కాస్తా లోపలికి దూరతాయి. మామూలు పైపుతో, తక్కువ ధారతో కడగాలి. కడిగాక బండిని కాసేపు నడిపి, చక్రాలు తిరిగి నీళ్లు విదిలించుకోవాలి.

చక్రం బాగుందో లేదో చూడటానికి బండి వెనక భాగం పైకెత్తి, ట్రాక్ కిందికి వేలాడేలా పెట్టి, ఆనకుండా ఉన్న చక్రాలని ఒక్కొక్కటీ చేత్తో తిప్పుతాం. రాగానే తిప్పకూడదు. బండి ఐసుతో వస్తుంది, షాపులో కరగనివ్వాలి, నేలంతా నీళ్లు, టూస్ట్రోక్ ఆయిల్ వాసన. కరిగాక తిప్పితే, మంచి బేరింగు చప్పుడు లేకుండా మెత్తగా తిరిగి తొందరగా ఆగిపోతుంది, లోపల గ్రీజు పట్టి ఉంటుంది కాబట్టి. ఒకసారి తిప్పితే ఆగకుండా జోరుగా తిరిగే చక్రం చూసి కస్టమర్లు సంబరపడతారు. గ్రీజు పోయి ఎండిపోయినదే చాలాసార్లు అలా తిరుగుతుంది. తర్వాత చక్రాన్ని అటూ ఇటూ ఊపి చూడాలి, వేలికి కొద్దిగా లూజు తగిలినా మార్చెయ్యడమే. సీలు అంచున గోధుమరంగు చార దిగి ఉంటే ఇంక తిప్పి చూడక్కర్లేదు.

మార్చకపోతే ఏమవుతుంది? బేరింగు పట్టేసిన చక్రం తిరగడం మానేస్తుంది, ట్రాక్ దాని మీద రుద్దుకుంటూ పోతుంది, ఒక పక్క రబ్బరు అరిగి బల్లపరుపుగా అవుతుంది. లేదా బేరింగులో బాల్స్‌ని ఎడంగా పట్టి ఉంచే చట్రం (కేజ్) విరిగి చక్రం ఇరుసు మీద వంకరగా ఊగుతూ ట్రాక్ లోపలి పళ్లని కోస్తుంది. బేరింగు పదీ పదిహేను డాలర్ల వస్తువు, కొత్త ట్రాక్ వెయ్యి దాటుతుంది. అదీ కాక, మైనస్ 25లో, ఫోను సిగ్నల్ లేని అడవిలో బండి ఆగిపోతే దాని ఖరీదు డాలర్లలో చెప్పలేం.

ఈ బండి పుట్టిందే అలాంటి ఆపదలోంచి. క్విబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో రెండేళ్ల కొడుక్కి ప్రాణం మీదికొస్తే, మంచులో ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలేక పిల్లాడు చనిపోయాడు. మంచు మీద పోయే వాహనాల కోసం అప్పటికే తంటాలు పడుతున్న ఆయన 1937లో ట్రాక్ నడిపే పద్ధతికి పేటెంటు తెచ్చుకున్నాడు. స్కీ-డూ బండి 1959లో వచ్చింది. ఇది చెప్తే మావయ్య వెంటనే, "మనకీ అంతే కదరా, వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురం పోవాలంటే రాత్రిపూట దాటించే పంటు లేక ఎంతమంది రేవులో కూచున్నారో" అన్నాడు.

మర్నాడు మలికిపురం సెంటర్లో ఆయనకి తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్లాం. రోజుకి ఎన్ని పంపులు, ఎన్ని ఏరియేటర్లు విప్పుతారో తెలీదు గానీ, ఆయన వేళ్లు గ్రీజు రంగుకే తిరిగిపోయాయి. డబ్బా తెరిచి బేరింగు చూపించారు. 6205. మా షాపులోనూ చాలా చక్రాల్లో ఇదే నంబరు. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా ఇదే కొలత. నంబరు చివర టూ ఆర్ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలు, జెడ్ జెడ్ అని ఉంటే రేకు మూత. రేకు మూత దుమ్ముకి పర్లేదు, నీళ్లకి పనికిరాదు. మేస్త్రి గారు జెడ్ జెడ్ అసలు ముట్టరట, "చెరువు పనికి అది దండగండీ" అన్నారు.

తర్వాత ఆయన సన్నటి పిన్నుతో సీలు పైకి లేపి, బొటనవేలితో లోపల సందు లేకుండా గ్రీజు దట్టించడం మొదలుపెట్టారు. "నీళ్లకి చోటే లేకుండా చెయ్యాలండీ. చోటుంటే దూరతాయి."

మా షాపులో ఇలా చేస్తే ఓనరు ఊరుకోడు. కంపెనీ నుంచి వచ్చే బేరింగులో ఖాళీకి మూడో వంతు దాకానే గ్రీజు ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రంలో నిండా దట్టిస్తే బాల్స్ ఆ గ్రీజుని చిలుకుతూ వేడెక్కుతాయి, ఆ వేడికి సీలే బయటికి తోసుకొస్తుంది. పైగా మైనస్ 30లో మామూలు గ్రీజు గట్టిపడిపోతుంది, అక్కడ చలికి తట్టుకునే సింథటిక్ గ్రీజే వాడతాం. కానీ మేస్త్రి గారి పని వేరు. ఏరియేటర్ మోటారు 1,440 చుట్లు తిరిగినా, గేర్‌బాక్సు దాటి రెక్కల షాఫ్టుకి వచ్చేసరికి వంద చుట్లు, అటూ ఇటూ. ఆ నెమ్మదికి నిండా గ్రీజు ఏ హానీ చెయ్యదు, నీటిని నిజంగానే ఆపుతుంది. ఆయన పద్ధతి ఇక్కడికి సరైనది. మోటారు లోపలి బేరింగుకి మాత్రం అలా దట్టించొద్దని అన్నాను. "అది ముట్టుకోమండీ, మారుస్తాం అంతే" అన్నారు. అంటే ఆయనకీ తెలుసు.

వాదన వచ్చింది కొట్టే దగ్గర. మేస్త్రి గారి దగ్గర పనిచేసే కుర్రాడు బేరింగుని అది కూర్చునే గూడులో, అంటే హౌసింగులో పెట్టి మధ్యలో రాడ్డు ఆన్చి సుత్తితో కొడుతున్నాడు. అలా కొడితే దెబ్బంతా లోపలి రింగు నుంచి బాల్స్ మీదుగా బయటి రింగుకి పోతుంది, కంటికి కనపడని గుంటలు అప్పుడే పడతాయి. హౌసింగులోకి దించేటప్పుడు బయటి రింగునే నొక్కాలి, షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగుని. అదే కొలత పైపు ముక్క ఒకటి పెట్టుకుంటే సుత్తితోనైనా పర్లేదు. మేస్త్రి గారు వెంటనే స్క్రాపులోంచి పైపు తీయించారు.

సడ్‌బరీలో మాకింకో సుఖం ఉంది. సాయంత్రం కొత్త బేరింగుని కవరుతో బయట పెట్టేసి, చక్రాన్ని హీటరు పక్కన ఉంచుతాం. 40 డిగ్రీలు చల్లబడితే 52 మిల్లీమీటర్ల ఉక్కు రింగు మిల్లీమీటరులో నలభయ్యో వంతు ముడుచుకుంటుంది. అంత చాలు, ప్లాస్టిక్ చక్రంలోకి తేలిగ్గా దిగిపోతుంది. ఇక్కడ కూడా చేద్దామని మావయ్య ఇంట్లో ఫ్రీజర్లో పెట్టాం. బయటికి తీసిన నిమిషానికే బేరింగు నిండా నీటి బిందువులు! కోనసీమ గాలిలో ఉన్న చెమ్మకి ఆ పద్ధతి పనికిరాదు. కవరు బిగించి పెట్టి, తీసిన వెంటనే దించి, తుడిచి నూనె రాస్తే తప్ప. అంత హడావిడి కన్నా పైపు ముక్కే నయం.

మా దగ్గర వసంతంలో బండి లోపల పెట్టే ముందు ఉప్పంతా కడిగి, ఆరబెట్టి, వెనక భాగం స్టాండు మీద ఎత్తి ఉంచుతాం. అప్పుడప్పుడు వెళ్లి చక్రాలు ఒక చుట్టు తిప్పి రావాలి, బాల్స్ ఒకేచోట ఆనకుండా. గట్టి ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, అందుకే గాలి ఆడే గుడ్డ కవరు. మావయ్య ఏరియేటర్లని ఈసారి మంచినీళ్లతో కడిగించాం, పోయిన బేరింగులు మార్పించాం. గట్టు మీద టార్పాలిన్ వద్దని చెప్తే కొబ్బరి మట్టలు కప్పించాడు. దానికి వంక పెట్టలేకపోయాను.

"వారానికోసారి షాఫ్టులు చేత్తో తిప్పించు మావయ్యా" అన్నాను.

"తిప్పుతార్లే. ఆ కుర్రాడి జీతం నువ్వు కెనడా నుంచి పంపించు" అన్నాడు.