పిసినారి చేతిలో ఆర్సీ కారు

ఆర్సీ కారు, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కారు, కొన్నరోజున అయ్యే ఖర్చు ఆ రోజుతో పోతుంది. జేబుకి చిల్లు పెట్టేది ఆ తర్వాత చిన్నచిన్నగా కారిపోయే డబ్బు. ఈసారి రెండు బేరింగులు, వచ్చేసారి ఒక స్పర్ గేరు (మోటారు తిప్పే పెద్ద పళ్లచక్రం), ఆపైన ఒక బాడీ (పైన తొడిగే ప్లాస్టిక్ తొడుగు). ఏదీ పెద్ద మొత్తం అనిపించదు కాబట్టి ఎవరమూ లెక్క రాసుకోం. నా దగ్గర మట్టిలో తిప్పుకునే ఒక వన్-టెన్ (అసలు కారులో పదో వంతు సైజు) ఎలక్ట్రిక్ బగ్గీ, తారు మీద తిప్పుకునే ఒక టూరింగ్ కారు ఉన్నాయి. రెండూ పాతబడ్డవే. వాటిలోంచి ఏది పారేయాలన్నా నాకు చేతులు రావు. ఇంట్లోవాళ్లు దాన్ని పిసినారితనం అంటారు, నేను పర్యావరణ స్పృహ అంటాను. ఇద్దరం చెప్పేదీ నిజమే.

పాడైన భాగాల్ని ఒకచోట పోసి, ఏది ఎందుకు పోయిందా అని చూసుకుంటే, గోడకి గుద్ది విరిగినవి నేననుకున్నంత లేవు. దుమ్ము తినేసినవి, వేడికి పోయినవే ఎక్కువ. అందుకని నా మెయింటెనెన్సంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

బండి తిప్పి రాగానే పైపు పెట్టి కడిగేయడం చాలామందికి అలవాటు. ఎలక్ట్రానిక్స్ వాటర్‌ప్రూఫ్ అని డబ్బా మీద రాసి ఉంటుంది కదా అని ధైర్యం. ఈఎస్సీకీ (మోటారు వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్), సర్వోకీ (ముందు చక్రాల్ని మళ్లించే చిన్న మోటారు) ఏమీ కాకపోవచ్చు, బేరింగులూ స్క్రూలూ మాత్రం వాటర్‌ప్రూఫ్ కావు. నీళ్లతోపాటు సన్నటి ఇసుక కూడా సీల్ లోపలికి పోతుంది. నేను పూర్తిగా ఆరిన తర్వాత పొడి బ్రష్షుతో దులుపుతాను. పెయింటింగ్‌కి వాడి వదిలేసిన రెండంగుళాల బ్రష్షు వెంట్రుకల్ని సగానికి కత్తిరించి పెట్టుకుంటే గట్టిగా, చక్కగా పనిచేస్తుంది. సందుల్లోకి పాత టూత్‌బ్రష్. తడి మట్టి అంటుకుంటే ఆరేదాకా ఆగడమే, ఆరితే దానంతటదే పెళ్లలుగా రాలుతుంది. తడిమీద రుద్దితే మట్టి లోపలికే పోతుంది. తప్పనిసరిగా నీళ్లు తగిలించాల్సి వస్తే ఆ రోజే చక్రాలు ఊడదీసి బేరింగుల సంగతి చూడాలి, రేపు చూద్దాంలే అంటే తుప్పు మొదలవుతుంది.

బేరింగుల విషయం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అనవసరంగా చెత్తబుట్టకి పోయేవాటిలో ఇవే మొదటివి. వన్-టెన్ బండ్లలో ఎక్కువగా కనిపించేవి 5×11×4, 10×15×4 మిల్లీమీటర్ల సైజులు. బేరింగును ఒక అలెన్ కీ కొసకి తగిలించి వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. గరగర వినిపిస్తే లోపల దుమ్ముంది, కడిగితే బాగుపడే అవకాశం ఉంది. పక్కలకి ఊగుతోందంటే అరిగిపోయింది, దాన్ని ఏం చేసినా లాభం లేదు. తిప్పుతుంటే ఒకే చోట టక్కుమని పట్టేస్తోందంటే బాల్‌కో, అది దొర్లే గాడికో గుంట పడింది. అదీ అంతే.

గరగరలాడేదాన్ని ఇలా బాగుచేస్తాను. రబ్బరు సీల్ లోపలి అంచు కింద సన్నటి బ్లేడు మొన దూర్చి మెల్లగా పైకి లేపాలి. సీల్ వంగకుండా వస్తే మళ్లీ వాడుకోవచ్చు. లోపల నల్లటి పేస్టులా కనిపించేది పాత గ్రీజు, దుమ్ము కలిసి అయిన ముద్ద. మూత బిగుతుగా పట్టే చిన్న గాజు సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, బేరింగులు అందులో వేసి కాసేపు నాననిచ్చి, బాగా కుదపాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. తీసి గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ తిప్పి వింటే తేడా వెంటనే తెలుస్తుంది. ఆరిన బేరింగును పొడిగా వదిలేయకూడదు. మోటారులో తిరిగేదానికి పల్చటి నూనె ఒకే ఒక్క చుక్క. మట్టిలో తిరిగే చక్రాలవాటికి గ్రీజు, అది కొంచెం వేగం తగ్గించినా దుమ్మును ఆపుతుంది. తుప్పు వదలడానికి కొట్టే స్ప్రేతో పని కానిచ్చేవాళ్లని చూశాను. అది ఉన్న గ్రీజును కడిగేస్తుంది, తను మాత్రం ఎక్కువకాలం నిలవదు. కొట్టిన రోజు బ్రహ్మాండంగా తిరుగుతుంది, చిక్కంతా ఆ తర్వాతే.

కడిగిన ఆల్కహాల్ నల్లగా ఉందని పారబోయక్కర్లేదు. సీసా మూత పెట్టి కదపకుండా ఉంచితే మరుసటి రోజుకి మురికి అడుక్కి దిగుతుంది. పైన తేరినదాన్ని ఇంకో సీసాలోకి వంచుకుంటే మొదటి కడుగుడికి మళ్లీ పనికొస్తుంది, కొత్తది ఆఖరి కడుగుడికే వాడతాను. అడుగున మిగిలిన మడ్డిని పాత గుడ్డలో పీల్చి, బయట గాలికి ఆరనిచ్చి చెత్తలో వేస్తాను. సింకులో మాత్రం పోయను.

ఇక వేడి. స్పర్, పినియన్ (మోటారు ఇరుసుకి ఉండే చిన్న గేరు) మధ్య సందు సరిగా లేకపోతే ఒకపక్క గేరు పళ్లు పోతాయి, ఇంకోపక్క మోటారు కాలుతుంది. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. పల్చటి కాగితం సన్నగా చీల్చి రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారును స్పర్ వైపుకి నొక్కి స్క్రూలు బిగించి, గేరు తిప్పుతూ కాగితం బయటికి తీసేయాలి. కాగితం అకార్డియన్ మడతల్లా వచ్చి, చిరగకుండా ఉంటే సరిపోయినట్టు. స్పర్‌ని ఒక చుట్టు మొత్తం తిప్పి, అన్నిచోట్లా కొద్దిగా టిక్‌టిక్ మని ఆడుతోందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే ప్లాస్టిక్ స్పర్లు కచ్చితమైన గుండ్రంగా ఉండవు.

ఓ ఐదు నిమిషాలు తిప్పి మోటారు మీద వేలు పెట్టండి. మూడు, నాలుగు సెకన్లు కూడా ఉంచలేకపోతే గేరింగ్ ఎక్కువైనట్టే. వెంటనే ఫ్యాను కొనడానికి పరిగెత్తకుండా ఒకటి రెండు పళ్లు తక్కువున్న పినియన్ వేసి చూడండి. టాప్ స్పీడు కాస్త తగ్గుతుంది, మోటారూ ఈఎస్సీ చల్లబడతాయి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్షులు లేని) మోటారులో అరిగేవి బేరింగులే అంటారు కానీ, అతిగా వేడెక్కితే లోపలి అయస్కాంతం బలం శాశ్వతంగా తగ్గుతుంది. తగ్గినదాన్ని తిరిగి తెచ్చే చిట్కా మన దగ్గర లేదు.

బాడీల దగ్గర నా పిసినారితనం పరాకాష్ఠకి చేరుతుంది. టూరింగ్ కారు బాడీని లోపలివైపు నుంచి చూస్తే అసలు రంగు కంటే అతుకులే ఎక్కువ కనిపిస్తాయి. ఈ బాడీలు పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్‌వి. చక్రం వంపు దగ్గరో, బాడీని నిలబెట్టే కడ్డీ (బాడీ పోస్టు) దూరే కన్నం దగ్గరో వెంట్రుకంత చీలిక మొదలై, ప్రతి గుద్దుకీ కొంచెం కొంచెం ముందుకి పాకుతుంది. మొదట చేయాల్సింది ఆ పాకుడు ఆపడం. చీలిక ఎక్కడ ఆగిందో వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసి, సరిగ్గా ఆ కొసన రెండు మిల్లీమీటర్ల కన్నం వేయాలి. మొనదేలిన కొస గుండ్రంగా మారితే ఒత్తిడి ఒకే బిందువు మీద పడదు. తర్వాత లోపలివైపు సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టి, సన్నటి ఎమరీ కాగితంతో కొంచెం గరుకు చేస్తాను. జిప్సమ్ బోర్డుల అతుకులకి అంటించే ఫైబర్‌గ్లాస్ మెష్ టేపు ముక్క చీలికకి అడ్డంగా అంటించి, దాని మీద చెప్పులు అతికించే సాగే రకం జిగురు పూస్తాను. చేతికి పాత గ్లవుజు వేసుకుని, వేలిని సబ్బునీళ్లలో ముంచి రుద్దితే జిగురు వేలికి అంటకుండా మెష్ గళ్లలోకి దిగుతుంది. ఒక రోజంతా ముట్టుకోకూడదు. అతుకు వేసినచోట బాడీ గట్టిపడి, గుద్దినప్పుడు విరక్కుండా వంగుతుంది. చీలేదాకా ఆగకుండా కొత్త బాడీకే ముందు మూలల్లో ఈ పని చేసి పెడితే ఇంకా మంచిది. బరువు కొన్ని గ్రాములు పెరుగుతుంది, రేసులు ఆడేవాళ్లు ఒప్పుకోరేమో. నేను రేసులు ఆడను.

సూపర్‌గ్లూ ఇక్కడ పనికిరాదు. ఆరితే పెళుసైపోతుంది, పైగా దాని ఆవిరికి పారదర్శకంగా ఉన్న అద్దాల దగ్గర తెల్లటి పొర కడుతుంది. థిన్నరు, అసిటోను, బ్రేక్ క్లీనరు లాంటివైతే పాలీకార్బనేట్‌ దరిదాపులకి కూడా రాకూడదు. బాడీ పగుళ్లిచ్చేస్తుంది.

టైర్లు అరిగినా చక్రాలు బాగానే ఉంటాయి. రెండూ కలిపి సూపర్‌గ్లూతో అతికించి ఉంటాయి కాబట్టి రెండూ కలిపే పారేస్తుంటారు. సూపర్‌గ్లూకి వేడి పడదు. ఇంక వంటకి వాడని పాత గిన్నెలో నీళ్లు మరిగించి, చక్రాన్ని అందులో కాసేపు ఉంచితే జిగురు పట్టు వదులుతుంది. గ్లవుజులు వేసుకుని, వేడి మీదే పట్టకారుతో అంచు లాగాలి. ఒక్కసారికి రాకపోతే మళ్లీ నీళ్లలో వేయడమే. వాసన వస్తుంది, కిటికీలు తెరవండి. ఓవెన్లో పెట్టేవాళ్లూ ఉన్నారు, తిండి వండే ఓవెన్లో నేనైతే పెట్టను. టైరు లోపలి ఫోమ్ మెత్తబడకుండా ఉంటే అదీ మళ్లీ వాడుకోవచ్చు. వెనక చక్రాలు తిప్పే బగ్గీలో వెనక టైర్లే ముందు అరుగుతాయి, వాటిని అప్పుడప్పుడు కుడి ఎడమలు మారిస్తే కొన్నాళ్లు ఎక్కువ వస్తాయి. దిశ గుర్తు ఉన్న టైర్లతో మాత్రం కుదరదు.

గిన్నె ఎలాగూ పొయ్యి మీద ఉంది కాబట్టి చక్రాల్ని పట్టి ఉంచే కొత్త నైలాన్ సస్పెన్షన్ ఆర్మ్‌లు కూడా అందులో ఓ పావుగంట ఉడికిస్తాను. నవ్వకండి, దీనికి కారణముంది. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది, పీల్చుకున్నది కాస్త సాగుతుంది. ఎండిపోయి ఉన్నది పుటుక్కున విరుగుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌కి ఈ ఉడకబెట్టడం పనికిరాదు. దాని వైద్యం వేరే: విరిగిన పాత ఏబీఎస్ ముక్కల్ని కొంచెం అసిటోన్‌లో కరిగిస్తే వచ్చే పాకంతో పగుళ్లు అతికించొచ్చు. ఏది ఏ ప్లాస్టికో భాగం వెనకవైపు చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది చాలాసార్లు.

చచ్చిపోయిన భాగాలన్నీ నా దగ్గర ఒకే డబ్బాలోకి పోతాయి, దానిమీద ‘అవయవదానం’ అని రాసిపెట్టాను. గేర్లు పోయిన సర్వో ఒకటి, మోటారు పోయిన అదే మోడల్ సర్వో ఇంకొకటి ఉంటే రెండూ కలిపి ఒక మంచి సర్వో. పాడైన షాక్ అబ్జార్బర్‌లోంచి స్ప్రింగు, విరిగిన ఆర్మ్‌లోంచి పిన్ను, ప్రతి దాన్లోంచి స్క్రూలు. తల అరిగిన స్క్రూ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మొన దాని తల మీద కాసేపు పెడితే ప్లాస్టిక్ పట్టు గానీ, థ్రెడ్‌లాక్ (స్క్రూ ఊడకుండా పూసే జిగురు) గానీ సడలుతుంది. అసలు తలలు అరక్కుండా ఉండాలంటే మంచి స్టీలుతో చేసిన 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్లు కొనాలి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. టామియా అనే జపాన్ కంపెనీ కిట్లలోని ప్లస్ తల స్క్రూలు జపాన్ ప్రమాణం జేఐఎస్‌వి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వాటిలో సరిగా కూర్చోక తల చెక్కేస్తుంది.

మొదటి బండి కొనేవాళ్లు స్పీడు కంటే ముందు విడిభాగాల సంగతి చూసుకోండి. టామియా తన మొదటి ఆర్సీ కారును 1976లో తెచ్చింది. 1984 నాటి గ్రాస్‌హాపర్‌ని 2005లో మళ్లీ విడుదల చేయడంతో పాత బండ్లు దాచుకున్నవాళ్లకీ భాగాలు దొరికాయి. పేరులేని బొమ్మకారు ఎంత చవకైనా, ఒక గేరు పోతే మొత్తం పోయినట్టే.

ఇక ఇంట్లో పారేసేవాటిలో ఉపయోగపడేవి: షాక్ కడ్డీల మీద తొడగడానికి కొసలు కత్తిరించిన బెలూను, మోటారు గాలి కన్నాల మీద దుమ్ము జల్లెడగా చిరిగిన నైలాన్ మేజోళ్లు, బ్యాటరీ జారకుండా కింద పరవడానికి సైకిల్ ట్యూబు ముక్క, టూల్‌బాక్స్‌లో తేమకి సిలికా జెల్ ప్యాకెట్లు. పాత డెస్క్‌టాప్ పవర్ సప్లై ఉంటే పెద్ద ప్లగ్గులోని ఆకుపచ్చ తీగని నలుపు తీగకి కలిపితే ఆన్ అవుతుంది. పసుపు తీగల్లో వచ్చే 12 వోల్టులతో డీసీ ఛార్జరు నడుస్తుంది. డబ్బా మాత్రం విప్పకండి. షాకుల్లో వంటనూనె పోయమనే సలహాని మాత్రం పట్టించుకోవద్దు. ఎండకి నీళ్లలా, చలికి ముద్దలా మారిపోతుంది. సిలికాన్ ఆయిల్ అంత ఖరీదు ఉండేది ఆ తేడా తక్కువ కాబట్టే.

బ్యాటరీ దగ్గర నేను చేసే పొదుపు ఒక్కటే, దాని ఆయుష్షు పెంచడం. లైపో (లిథియం పాలిమర్) సెల్ నిండితే 4.2 వోల్టులు, 3 కంటే కిందికి ఎప్పుడూ పోకూడదు. ఈఎస్సీలో కటాఫ్ (వోల్టేజి తగ్గితే బండిని ఆపే సెట్టింగు) లైపోకి సెట్ అయిందో లేదో చూసుకోవాలి. వాడకుండా పెట్టేటప్పుడు ఛార్జరులో స్టోరేజ్ మోడ్ నొక్కి 3.8 దగ్గర ఉంచాలి. నిండుగా ఛార్జ్ చేసి వారాల తరబడి వదిలేస్తే తిప్పకుండానే ముసలిదైపోతుంది. ఛార్జింగ్ 1సీ (ఖాళీ బ్యాటరీని దాదాపు గంటలో నింపే కరెంటు) మించనివ్వను, ఛార్జ్ అవుతుంటే పక్కనుంచి లేవను. పాత ల్యాప్‌టాప్ సెల్స్‌తో ప్యాక్ కట్టుకోవడం చూడ్డానికి మంచి ఐడియాలా ఉంటుంది గానీ, బగ్గీ లాగే కరెంటు అవి ఇవ్వలేక వేడెక్కుతాయి.

ఉబ్బిన లైపోని బాగుచేసే చిట్కాలేవీ నమ్మొద్దు. ఉప్పునీళ్లలో ముంచితే ఖాళీ అవుతుందని చెప్పుకుంటారు. ముందు ట్యాబులు (తీగలు అతికే లోహపు పట్టీలు) తుప్పు పట్టి తెగిపోతాయి, లోపల ఛార్జ్ అలాగే ఉండిపోతుంది. ఉబ్బనిదైతే ఆరుబయట, దగ్గరుండి, 12 వోల్టుల కారు హెడ్‌లైటు బల్బుకి కలిపి పూర్తిగా ఖాళీ చేయొచ్చు. ఉబ్బినదాన్ని పొడవకుండా, వంచకుండా ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి ఈ-వేస్ట్ సేకరణకి ఇచ్చేయాలి. చెత్తలో వేస్తే చెత్త బండిలో నలిగి నిప్పు అంటుకోవచ్చు. అలా ఖాళీ చేసిన ఉబ్బని ప్యాక్ నుంచి కనెక్టరు తీసి దాచుకోవాలంటే ముందు ఎర్ర తీగ ఒక్కటే కత్తిరించి, కొసకి టేపు చుట్టి, ఆ తర్వాతే నల్లది కత్తిరించండి. రెండూ కలిపి ఒకేసారి కత్తిరిస్తే కటింగ్ ప్లయరే షార్ట్ చేసేస్తుంది.