కడప నుంచి గండికోటకు బండి మీద పోయేవాళ్లకు

తెల్లారకముందే బయలుదేరండి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాల. దారిలో వేడెక్కాక మీటర్ ఎక్కువ చూపిస్తుంది; అది నమ్మి గాలి తీస్తే, చల్లారాక టైరు మెత్తబడుతుంది. చైను మరీ బిగించొద్దు, ఇద్దరెక్కితే ఇంకా బిగుసుకుంటుంది.

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీలుంటాయి, తొందరపడొద్దు. పెట్రోలు జమ్మలమడుగులోనే పోయించుకోండి, అక్కడికి కోట 15 కిలోమీటర్లే. ట్యాంకు మూతదాకా నింపితే ఎండకు పొంగి కారుతుంది. గులకనేలలో సైడ్ స్టాండు దిగబడకుండా కింద చిన్న బండముక్క పెట్టండి.

ముందు పెన్నా లోయ చూడండి, బండలు కాలకముందే. అంచున రాళ్లు కదులుతాయి, ఫోటో కోసం చివరిదాకా పోవద్దు, దయచేసి. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం తర్వాత నిదానంగా చూడొచ్చు. పెమ్మసాని నాయకులేలిన కోట ఇది. గోడల మీద పేర్లు చెక్కొద్దు.