నైట్ డ్యూటీకి రెండు రోజుల రుసుము: లండన్ యూలెజ్ బరువు ఎవరి మీద పడింది

లండన్‌లో పాత డీజిల్ కారు ఉన్న ఒక కేర్ వర్కర్ రాత్రి ఎనిమిదింటికి కేర్ హోమ్‌లో డ్యూటీ ఎక్కి, తెల్లవార్లూ పనిచేసి, ఉదయం ఎనిమిదింటికి దిగి ఇంటికి చేరితే, ఆ ఒక్క డ్యూటీకి రానూపోనూ కట్టవలసిన యూలెజ్ రుసుము, అంటే పొగ ఎక్కువ వదిలే బండి మీద నగరం రోజుకింతని వేసే రుసుము, 25 పౌండ్లు. అదే దూరం, అదే కారులో పగలు వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే మనిషి కట్టేది 12.50 పౌండ్లు. రుసుము లెక్కకు రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా కాబట్టి, మధ్యలో గడియారం పన్నెండు దాటినవారికి అది రెండు రోజుల ప్రయాణం అవుతుంది. 2025 ఏప్రిల్‌లో మొదలైన ఏడాదికి ఇక్కడ 21 ఏళ్లు నిండినవారి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లుగా ఉండేదని గుర్తుచేసుకుంటే, ఆ రాత్రి పని చేసిన పన్నెండు గంటలలో రెండు గంటలకు పైగా సంపాదన రోడ్డు మీదే ఖర్చయినట్టు.

నేను ఈ నగరపు పడమటి అంచున, హీత్రో విమానాశ్రయానికి దగ్గరగా, చాలా ఏళ్లుగా ఉంటున్నాను. కొత్తగా వచ్చి కారు కొనుక్కోవాలనుకునే తెలుగు పిల్లలు ఫోన్ చేసి ముందుగా అడిగేది కారు ఎంత మైలేజీ ఇస్తుందని కాదు, "అన్నయ్యా, దీనికి యూలెజ్ కట్టాలా?" అనే. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పీ చెప్పీ ఈ విషయం మీద నాకొక అభిప్రాయం స్థిరపడింది. నగరంలో విషపు పొగను తగ్గించడానికి ఇలాంటి మండలం కావలసిందేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ దాని బరువును పంచిన తీరు, ముఖ్యంగా రాత్రిపూట పనిచేసేవారి విషయంలో, న్యాయంగా లేదు. ఈ రెండూ ఒకేసారి నిజమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ మండలం ఒక్కసారిగా ఊడిపడింది కాదు. 2003 ఫిబ్రవరిలో కెన్ లివింగ్‌స్టన్ మేయర్‌గా ఉండగా నగర నడిబొడ్డున రద్దీ రుసుము మొదలైంది. అది పొగ కోసం కాదు, ట్రాఫిక్ కోసం. 2008లో భారీ డీజిల్ లారీల కోసం మొదటి లో ఎమిషన్ జోన్ వచ్చింది. అతి తక్కువ ఉద్గారాల మండలం, అంటే యూలెజ్, బోరిస్ జాన్సన్ మేయర్‌గా ఉన్న కాలంలో 2015లో ఖరారై, తరువాతి మేయర్ సాదిక్ ఖాన్ దాన్ని అనుకున్నదానికంటే ముందుగానే తేవడంతో 2019 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చింది. అప్పుడది రద్దీ రుసుము ఉన్న చిన్న ప్రాంతానికే పరిమితం. 2021 అక్టోబరు 25న నగరం లోపలి భాగాన్ని చుట్టివచ్చే నార్త్, సౌత్ సర్క్యులర్ రోడ్ల దాకా విస్తరించి 18 రెట్లయింది. 2023 ఆగస్టు 29న లండన్ బరోలన్నిటికీ, అంటే నగరపు పాలనా విభాగాలన్నిటికీ, వ్యాపించి, మరో 50 లక్షల మంది నివాసాలను తన పరిధిలోకి తెచ్చుకుంది. ఇల్‌ఫర్డ్, హౌన్‌స్లో, హారో వంటి చోట్ల ఉండే మన కుటుంబాలు చాలావరకు ఆ రోజే యూలెజ్‌లోకి వచ్చాయి. నార్త్ సర్క్యులర్‌కు లోపలి వైపున్న ఈస్ట్ హామ్ వాళ్లకు అది రెండేళ్ల ముందే అనుభవం.

మన టోల్ గేట్ల అలవాటు ఉన్నవారికి ఇక్కడ మొదట తికమక కలిగించేది ఆపేవాళ్లెవరూ లేకపోవడం. గేటు లేదు, రసీదు లేదు. రోడ్డు పక్కన ఒక ఆకుపచ్చ బోర్డు, స్తంభం మీద నంబర్ ప్లేటు చదివే కెమెరా, అంతే. ప్రయాణం చేసిన రోజు తరువాత మూడో రోజు అర్ధరాత్రిలోగా మనంతట మనమే కట్టాలి. మరిచిపోతే జరిమానా 180 పౌండ్లు, పద్నాలుగు రోజుల్లో కడితే సగం. బండి కదలకుండా ఇంటి ముందు నిలిపి ఉంటే రుసుము లేదు, క్రిస్మస్ రోజు ఎవరికీ లేదు. నడిబొడ్డుకు వెళ్లేవారికి రద్దీ రుసుము దీనికి అదనం. ఇంటర్నెట్‌లో వెతికితే అధికారిక సైటులాగే కనిపించి పైన కమిషన్ వేసుకునే సైట్లు కొన్ని ఎదురవుతాయి కాబట్టి, నగర రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైటులోనే కట్టమని అందరికీ చెబుతుంటాను.

ఏ బండికి రుసుము ఉందన్నది దాని వయసును బట్టి కాదు, అది వదిలే పొగను బట్టి. పెట్రోలు కారు యూరో 4 అనే యూరప్ పొగ ప్రమాణానికి తగితే చాలు. 2006 తరువాత రిజిస్టరైన పెట్రోలు కార్లు దాదాపు అన్నీ తగుతాయి. డీజిల్ కారు మాత్రం యూరో 6 అయి ఉండాలి, అది సుమారుగా 2015 సెప్టెంబరు తరువాతి బండి. అందువల్ల ఇరవై ఏళ్లకు చేరువైన చిన్న పెట్రోలు కారు నిశ్చింతగా తిరుగుతుంటే, 2014లో కొన్న డీజిల్ కారు రోజూ 12.50 కడుతుంది. వినడానికి వింతగా ఉన్నా ఇందులో శాస్త్రం సరిగానే ఉంది: ఊపిరితిత్తులకు హాని చేసే నైట్రోజన్ ఆక్సైడ్లు పాత డీజిల్ ఇంజన్ల నుంచే ఎక్కువగా వెలువడతాయి. ఇబ్బంది శాస్త్రంతో కాదు, చరిత్రతో. 2001లో బ్రిటన్ ప్రభుత్వం వాహన పన్నును కార్బన్ డయాక్సైడ్ ఆధారంగా మార్చింది. డీజిల్ బండ్లు ఆ వాయువును తక్కువ వదులుతాయి కాబట్టి వాటి మీద పన్ను తగ్గింది, జనం ఆ మాట నమ్మి లక్షలాదిగా కొన్నారు. తరువాత 2015లో ఫోక్స్‌వ్యాగన్ పరీక్షలను మోసగించే సాఫ్ట్‌వేర్ వాడిందని బయటపడింది. అంటే, ప్రభుత్వం ప్రోత్సహించిన బండిని కొన్న మనిషే ఆ తప్పుకు మూల్యం చెల్లించవలసివచ్చింది. వ్యాను మీద బతికే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, సామాను చేరవేసేవాళ్ల కోపంలో నాకు కనిపించేది ఇదే, ఆ కోపాన్ని పర్యావరణం మీద ద్వేషంగా చిత్రించడం వారికి చేసే అన్యాయం.

అయినా ఈ మండలం ఎందుకు కావాలో చెప్పడానికి ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా పేరు ఒక్కటి చాలు. ఆగ్నేయ లండన్‌లో లూయిషమ్ దగ్గర, సౌత్ సర్క్యులర్ రోడ్డుకు కూతవేటు దూరంలో పెరిగిన ఆ పాప తీవ్రమైన ఉబ్బసంతో పదేపదే ఆసుపత్రి పాలై, 2013 ఫిబ్రవరిలో తొమ్మిదేళ్ల వయసులో చనిపోయింది. తల్లి రోసమండ్ ఏళ్ల తరబడి పోరాడిన తరువాత జరిగిన రెండో విచారణలో, ఆ మరణానికి వాయు కాలుష్యం కూడా ఒక కారణమని 2020 డిసెంబరులో కరోనర్, అంటే మరణ కారణాలను విచారించే అధికారి, తేల్చారు. బ్రిటన్‌లో అలాంటి తీర్పు రావడం అదే మొదటిసారి. 2021 విస్తరణలో సౌత్ సర్క్యులర్ రోడ్డు హద్దు మాత్రమే, ఆ రోడ్డు మండలంలోకి రాలేదు, 2023లోగాని చేరలేదు. నగర శివార్లకు ఇది అక్కర్లేదని వాదించేవారు ఈ ఒక్క విషయం ఆలోచించాలని నేను కోరుకుంటాను. శివారు రోడ్ల పక్కన ఉండేవాళ్లూ మనుషులే, అందులోనూ వాళ్లలో చాలామందికి కారే లేదు.

ఫలితం కూడా కనబడుతోంది. 2025 మార్చిలో మేయర్ కార్యాలయం విడుదల చేసిన నివేదిక ప్రకారం, యూలెజ్ దశలేవీ లేకపోయి ఉంటే ఉండే స్థాయితో పోలిస్తే లండన్ రోడ్ల పక్కన నైట్రోజన్ డయాక్సైడ్ 27 శాతం తక్కువగా ఉంది. లండన్‌లో తిరిగే వాహనాల్లో 96 శాతానికి పైగా ప్రమాణాలకు తగినవే. అంటే, ఇప్పుడు రుసుము కట్టేది నూటికి నలుగురి కంటే తక్కువ. ఈ అంకెను విజయంగా చూపిస్తారు, అది విజయమే. కానీ ఆ మిగిలిన కొద్దిమంది ఎవరు? బండి మార్చగలిగినవారు మార్చేశారు. మార్చలేనివారే ఎక్కువగా అక్కడ మిగిలారని నా ఉద్దేశం.

మార్చుకోవడానికి సాయం చేయలేదని అనలేము. పాత బండిని తుక్కుకు ఇస్తే కారుకు 2,000 పౌండ్లు, మోటార్‌సైకిలుకు 1,000 పౌండ్లు ఇచ్చే పథకం 2023 జనవరి చివర 11 కోట్ల పౌండ్లతో మొదలైంది. కానీ మొదట్లో అది తక్కువ ఆదాయం మీద ప్రభుత్వ భృతి పొందేవారికి, వికలాంగులకు, చిన్న వ్యాపారులకే. వీసా మీద ఉండి ప్రభుత్వ భృతికి అర్హత లేనివారు ఎంత తక్కువ సంపాదించినా ఆ గడప దాటలేకపోయారు. పిల్లల భృతి తీసుకునే కుటుంబాలను తరువాత చేర్చారు. లండన్ వాసులందరికీ తెరిచింది ఆగస్టు 21న, మండలం విస్తరించడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. 2024 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. స్లౌ, వాట్‌ఫర్డ్, డార్ట్‌ఫర్డ్ వంటి సరిహద్దు ఊళ్లలో ఉండి రోజూ లండన్‌లోకి పనికి వచ్చేవారికి రుసుము వర్తించింది, ఈ సాయం మాత్రం వర్తించలేదు. ముందు సాయం అందించి, అది అందిందని చూసుకుని, ఆ తరువాత కెమెరాలు బిగించి ఉంటే ఎంతో విరోధం పుట్టకుండా ఉండేది. ఆ విరోధం ఎంత దూరం వెళ్లిందో లోకమంతా చూసింది: 2023 జులైలో జాన్సన్ ఖాళీ చేసిన అక్స్‌బ్రిడ్జ్ పార్లమెంటు స్థానాన్ని కన్జర్వేటివ్‌లు యూలెజ్ వ్యతిరేకత మీదే 495 ఓట్ల ఆధిక్యంతో నిలుపుకున్నారు, ఐదు కౌన్సిళ్లు హైకోర్టుకు వెళ్లి ఓడిపోయాయి, కొందరు రాత్రిళ్లు కెమెరాల తీగలు కత్తిరించారు.

ఇక రాత్రి పని విషయానికి వస్తాను. నైట్ డ్యూటీలు వరసగా పడితే నష్టం కొంత తగ్గుతుంది: సోమ, మంగళ, బుధవారాల రాత్రులు చేసి గురువారం ఉదయం ఇంటికి వస్తే నాలుగు రోజుల రుసుము, 50 పౌండ్లు. అదే మూడు రాత్రులూ రోజు విడిచి రోజు పడితే ఆరు రోజుల రుసుము, 75 పౌండ్లు. పగలు మూడు రోజులు పనిచేసినవారికి 37.50. వరస డ్యూటీలు సాధారణంగా స్థిరమైన ఉద్యోగం ఉన్నవారికి దొరుకుతాయి. ఏజెన్సీ ద్వారా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్లేవారికి ముక్కలు ముక్కలుగా పడతాయి. మా పక్క వీధిలో ఉండే ఒక చెల్లెమ్మ అలాంటి పనే చేసేది, వారం చివర్లో రుసుము లెక్క వేసుకుని ఏ డ్యూటీ ఒప్పుకోవాలో తేల్చుకునేది. బస్సులో వెళ్లవచ్చు కదా అంటే, శివారులో ఒక మూల నుంచి మరో మూలకు అర్ధరాత్రి వెళ్లడం ఎంత కష్టమో వెళ్లినవారికే తెలుసు. రైలు మార్గాలు చాలావరకు నడిబొడ్డుకే పోతాయి. రాత్రంతా నడిచే ట్యూబ్ (భూగర్భ రైలు) ఉన్నది కొన్ని లైన్లలోనే, అదీ శుక్ర, శనివారాల రాత్రులు మాత్రమే. శివార్లను కలిపే సూపర్‌లూప్ ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 నుంచి వచ్చాయి, అవి నిజంగా మంచి పని, అయితే అవి ప్రధానంగా పగటి ప్రయాణికుల అవసరం తీరుస్తాయి.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. కెమెరా ప్రతి బండి కనబడిన సమయాన్ని నిమిషాలతో సహా నమోదు చేస్తుంది. కనుక ఒక రుసుమును క్యాలెండరు తేదీకి కాక, మొదట కనబడిన క్షణం నుంచి ఇరవై నాలుగు గంటలకు లెక్కించవచ్చు. దానివల్ల గాలి మరింత చెడిపోదు, ఎందుకంటే రాత్రి వెళ్లి ఉదయం వచ్చే కారు వదిలే పొగ, ఉదయం వెళ్లి రాత్రి వచ్చే కారు వదిలే పొగ కంటే ఎక్కువ కాదు. హీత్రో కూడా మండలం లోపలే ఉంది కాబట్టి, రెడింగ్ నుంచో మిల్టన్ కీన్స్ నుంచో పాత డీజిల్ కారులో అమ్మానాన్నలను తీసుకెళ్లడానికి వచ్చి, విమానం ఆలస్యమై పన్నెండు దాటాక బయటపడే కుటుంబానికీ ఇదే దెబ్బ తగులుతుంది. అయితే అది ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చు. కేర్ వర్కర్‌ది వారం వారం.

రుసుము కట్టి వెళ్లనివ్వడమే తప్పనే వాదన కూడా ఉంది, స్కాట్లండ్ నగరాలు ఆ దారి పట్టాయి. గ్లాస్గో నడిబొడ్డున 2023 జూన్ నుంచి ప్రమాణాలకు తగని బండికి ప్రవేశమే లేదు; వెళ్తే 60 పౌండ్ల జరిమానా, మళ్లీ మళ్లీ వెళ్తే రెట్టింపవుతూ కార్లకు 480 దాకా పోతుంది. అక్కడ డబ్బున్నవాడు రోజూ కట్టి పొగ వదిలే వీలు లేదు, ఆ మేరకు అది సమానత్వమే. కానీ అది కొద్దిపాటి ప్రాంతానికి పనికొచ్చే పద్ధతి. లండన్ అంత వైశాల్యానికి వర్తింపజేస్తే పేదవాడికి రుసుము కట్టి పనికి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. ఢిల్లీలో పొగను కాక వయసును చూశారు: పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకు 2025 జులై 1 నుంచి బంకుల్లో ఇంధనం పోయకూడదని మొదలుపెట్టి, జనాగ్రహానికి కొద్ది రోజులకే వెనక్కి తగ్గారు. జాగ్రత్తగా వాడిన కారునూ, పొగ కక్కే కారునూ ఒకే గాటన కట్టినప్పుడు ప్రజల ఆమోదం దొరకదు. అలా ఢిల్లీలో తిరగకూడదన్న బండ్లు ఎన్‌వోసీ తీసుకుని హైదరాబాదు సెకండ్ హ్యాండ్ బజారుకు చేరడం అక్కడివారికి కొత్త విషయం కాదు. పొగ ఊరు మారుతుంది, తగ్గదు.

ఇప్పుడు కారు కొనబోతున్నవారికి చెప్పవలసినవి రెండు. అమ్మేవాడి మాట నమ్మకుండా, డబ్బు చేతిలో పెట్టకముందే ఆ నంబరును ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైటులో కొట్టి చూడండి, నిమిషం పట్టదు. కొన్న తరువాత లాగ్‌బుక్‌లో (మన ఆర్‌సీ లాంటి బండి రిజిస్ట్రేషన్ పత్రం) మీ ప్రస్తుత చిరునామా ఉందో లేదో చూసుకోండి, ఇల్లు మారిన ప్రతిసారీ మార్పించండి. జరిమానా కాగితం ఆ చిరునామాకే వెళ్తుంది. పాత అద్దె ఇంటి గుమ్మంలో అది పడి ఉన్న వారాల్లో 180 పౌండ్లు 270 అవుతాయి, స్నేహితుడికి కారు ఇచ్చినా కాగితం వచ్చేది మీ పేరు మీదే.