వదులుగా దిగిన ప్రైమర్లు

శనివారం. రాత్రి పది దాటింది.

పొద్దున్న అనుకున్నది చాలా చిన్న పని. ఒకసారి పేల్చిన యాభై తూటా కేసులు (ఇత్తడి గొట్టాలు) మళ్లీ నింపుకుని, రేపు తుపాకీ కాల్చే రేంజ్‌కి వెళ్లి, భోజనం వేళకి ఇంటికొచ్చేయాలని. ఇప్పుడు గ్యారేజీ బల్ల మీద ముప్పై ఎనిమిది ఇత్తడి కేసులే నిలబడి ఉన్నాయి. పది కాఫీ డబ్బాలో తుక్కు కింద పడ్డాయి. రెండు విడిగా ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

ఇవి 308 విన్‌చెస్టర్ అనే రకం రైఫిల్ తూటా కేసులు. ఇప్పటికి ఐదుసార్లు పేలినవి. టెక్సస్ వచ్చిన కొత్తలో మా వీధి చివరి పెద్దాయన ఈ పిచ్చి అంటించాడు. ఇక్కడ ఇదొక మామూలు కాలక్షేపం. తణుకులో ఉన్న మా బంధువులకి మాత్రం "ఇంట్లో తూటాలు చేసుకుంటాడట" అని చెప్పుకోవడానికి పనికొస్తోంది.

నిన్న రాత్రి కేసులన్నీ కడిగాను. సన్నని స్టీల్ పిన్నులు, నీళ్లు, గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి డ్రమ్ములో తిప్పితే బంగారంలా వస్తాయి. వీడియో కాల్‌లో చూసి అమ్మ అడిగింది, "ఎంత తళతళలాడుతున్నాయిరా, చింతపండు పెట్టి తోమావా?" అని. నిమ్మ ఉప్పు అన్నాను. "అదీ పులుపే కదా" అంది. నిజమే, రెండూ చేసే పని ఒకటే.

అయితే మెరుపు చూసి మోసపోకూడదని ఈ రోజు తెలిసొచ్చింది. ప్రైమర్ అంటే కేసు అడుగున గుంటలో కూర్చునే చిన్న బిళ్ల, తుపాకీలోని ఫైరింగ్ పిన్ పొడిస్తే నిప్పు పుట్టి లోపలి మందుని అంటిస్తుంది. ఈ ప్రైమర్లు పెట్టే పని నేను చేతి పనిముట్టుతోనే చేస్తాను. పిడి నొక్కుతుంటే ప్రైమర్ తన గుంటలోకి బిగుతుగా, ఒకే తీరున దిగడం బొటనవేలికి తెలుస్తుంది. చివర్లో అడుగుకి ఆనుకున్నట్టు ఆగుతుంది. కేసు అడుగుతో సమంగా కాదు, అంగుళంలో మూడు నాలుగు వెయ్యో వంతులు లోపలికి ఉండాలి. పైకి పొడుచుకుని ఉంటే ఫైరింగ్ పిన్ దెబ్బ దాన్ని లోపలికి తోయడానికే సరిపోతుంది, తూటా పేలదు. తనంతట తాను లోడ్ చేసుకునే తుపాకీల్లో ఇంకా ప్రమాదం, తూటా వెనక తలుపులాంటి బోల్టు మూసుకుంటుండగానే పేలిపోవచ్చు.

ఏడో కేసు దగ్గర పిడి అలా వెళ్లిపోయింది. వెన్నలో వేలు పెట్టినట్టు. మొదట సంతోషించాను, సిగ్గుపడాల్సిన విషయమే గానీ నిజం. పనిముట్టు ఈ రోజు బాగా తిరుగుతోందనుకున్నాను. పదకొండోదీ అలాగే దిగాక అనుమానం వచ్చింది.

పిన్ గేజ్ తీశాను. దాని ఒక కొస గుంటలో దిగాలి, రెండో కొస దిగకూడదు. మిగిలినవన్నీ ఒక్కొక్కటే చూస్తే తొమ్మిదింటిలో రెండో కొస కూడా దిగింది. తూటా పేలిన ప్రతిసారీ ఆ ఒత్తిడికి కేసు అడుగు కాస్త కాస్త పరుచుకుంటుంది, గుంట వెడల్పవుతుంది. అందులోనూ ఇవి మిలటరీ కేసులు. ప్రైమర్ ఊడకుండా గుంట అంచు నొక్కేసి ఉంటుంది, ఆ నొక్కుడుని మనం రీమర్ అనే గీకే పనిముట్టుతో తీసేయాలి. మొదటిసారి తీసినప్పుడు రీమర్‌ని నేనే రెండు చుట్లు ఎక్కువ తిప్పానేమో. అప్పుడు కొలిచి రాసుకుని ఉంటే ఇప్పుడు ఊహించక్కర్లేకపోయేది.

వదులైనా పేలుతుంది కదా అని ఒక ఆలోచన రాకపోలేదు. పేలుతుంది, కానీ పక్కనుంచి గ్యాస్ కారుతుంది. ప్రైమర్ చుట్టూ నల్లటి వలయం కనిపించిందంటే అదే. ఆ వేడి గ్యాస్ బోల్టు ముఖాన్ని కొరికేస్తుంది. ఒక్కోసారి ప్రైమర్ ఊడి లోపల ఇరుక్కుంటుంది. పది రూపాయల బేరంలో ఏనుగును పోగొట్టుకోవడం.

ఈ పదకొండూ కాక, పాడైన పన్నెండోది అసలు వేరే కథ. ప్రైమర్లు మొదలుపెట్టక ముందే, ఒక కేసు అడుగుకి కాస్త పైన సన్నని గీత చుట్టూ మెరిసింది. పేపర్ క్లిప్ తీగ చివర వంచి లోపల గీకితే గోతిలో పడ్డట్టు తగిలింది. హాక్సాతో నిలువునా కోశాను. గోడ అక్కడ సగానికి సగం పలచబడింది. ఇంకొక్కసారి పేల్చి ఉంటే కేసు రెండు ముక్కలయ్యేదేమో. తప్పు నాదే. కేసుని మళ్లీ కొలతకి నొక్కే డై అనే అచ్చుని మరీ కిందికి బిగించి, ప్రతిసారీ కేసు భుజాన్ని, అంటే మెడ కింది వాలుని, అవసరానికి మించి వెనక్కి నొక్కాను. అది పేలినప్పుడు మళ్లీ ముందుకి సాగుతుంది. ఆ సాగుడంతా అడుగు దగ్గరి గోడే భరించింది. నా తుపాకీకి రెండు వెయ్యో వంతులు నొక్కితే చాలు. ఈ రోజు సరిచేశాను.

కోసిన ముక్క చూస్తుంటే ఇత్తడి పనివాళ్ల ఊరు అజ్జరం గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మమ్మతో వెళ్తే అక్కడ ఇంటింటా ఇత్తడి మీద సుత్తి చప్పుడే. రేకు కొట్టీ కొట్టీ గట్టిపడితే కొలిమిలో కాల్చి, మెత్తబడ్డాక మళ్లీ కొట్టేవారు. నేనూ కేసుల మెడలు పగలకుండా మంట చూపిస్తాను, అదే విద్య. కాకపోతే ఇక్కడ మెడా భుజమూ మాత్రమే మెత్తబడాలి. అడుగుకి వేడి తగిలి మెత్తబడిందా, ఆ కేసు పనికిరాదు. అమ్మమ్మ బిందె కారితే మాటు వేయించేది. వదులైన గుంటకి మాటు లేదు.

మరో ముచ్చట. మేం వాడే ప్రైమర్ పద్ధతి బాక్సర్‌ది, ఆయన ఇంగ్లీషువాడు. అమెరికావాడైన బెర్డాన్ పద్ధతేమో యూరప్‌లో పాతుకుపోయింది. ఇద్దరి పేటెంట్లూ 1866 నాటివే. పక్కింటి పుల్లకూర రుచి వాళ్లకీ తెలుసన్నమాట.

విడిగా పెట్టిన ఆ రెండింట్లో వదులు ప్రైమర్లు ఇంకా బతికే ఉన్నాయి. రేపు మందూ గుండూ లేకుండా రేంజ్‌లో పేల్చేశాకే తుక్కులో వేయాలి. మందు పోసే పని పొద్దున్నకి వాయిదా వేశాను, నిద్రకళ్లతో తూకం వద్దు.

మా ఆవిడ గ్యారేజీ తలుపు తీసి, "ఏమండీ, పన్నెండు ఇత్తడి ముక్కలకి ఇంత దిగులా?" అంది. ఏం చెప్పను? తోమిన శ్రమ ఆవిడకేం తెలుసు అనబోయి ఆగాను. ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారో అడిగేది.

పేలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లే ముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాను. పెరుగన్నం కంచం ముట్టుకునే ముందు మూడోసారి ఆవిడ కడిగించింది.