ఇష్టమున్నవాళ్లతోనే చిక్కు

"అయ్యో ఫర్వాలేదమ్మా, నాకు కుక్కలంటే ఇష్టమే!" సాయంత్రం నుంచి ఈ ఒక్క మాట చెవిలో తిరుగుతూనే ఉంది. నిద్ర పట్టేలా లేదు, అందుకే ఈ టపా. మూడో అంతస్తు ఆంటీ గుమ్మంలో అడుగు పెట్టగానే మా కుక్క మల్లి ముందుకాళ్లు రెండూ ఆవిడ చీర మీద వేసింది. ఆవిడ నవ్వి, దాని తల నిమిరి, ఆ మాటన్నారు. ట్రైనర్ గారు పక్కనే ఉన్నా పల్లెత్తు మాట అనలేదు.

కుక్కంటే గిట్టనివాళ్లు అరవకుండా పక్కకు తిరిగి నిలబడితే చాలు, మల్లికి ఏమీ దక్కదు. ఇష్టమున్నవాళ్ల దగ్గరే అన్నీ దక్కుతాయి. ఎగిరితే ముఖం అందుతుంది, చెయ్యి అందుతుంది, పలకరింపూ వస్తుంది. దాని లెక్కలో ఇవన్నీ జీతమే. "దిగు మల్లీ" అని మోకాలితో తోస్తే అదీ ఆటే దానికి. ఇంటిల్లిపాదీ పట్టించుకోకుండా ఉండి, వారానికో చుట్టం నిమిరినా ఆ అలవాటు మరింత మొండికేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియనిదాని కోసం జంతువు వదలకుండా ప్రయత్నిస్తూనే ఉంటుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ ఎలుకలతో, పావురాలతో ఏనాడో చూపించాడు. ఇంకో సంగతి. అప్పటిదాకా దొరికినది ఒక్కసారిగా ఆగిపోతే ఎగరడం ముందు పెరుగుతుంది. ఇంకా ఎత్తుకు లేస్తుంది, మొరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో "ఈ పద్ధతి పనిచెయ్యట్లేదు" అని చెయ్యి చాపేస్తారు. అంటే ఎక్కువ ఎత్తు ఎగిరినదానికి ఎక్కువ జీతం ఇచ్చినట్టన్నమాట. ఆ ఒక్క నిమరడం నన్నింత బాధపెట్టింది అందుకే.

ట్రైనర్ గారు మొదటిసారి వచ్చిన రోజు గుర్తొస్తోంది. మల్లి వైపు చూడను కూడా చూడకుండా పక్కకు తిరిగి కూర్చున్నారు. ముందు ప్రశ్నలు. ఏం తింటుంది, ఎంత, ఏ వేళకు? పగలు ఎంతసేపు పడుకుంటుంది? చెవుల్లో దురద గానీ కీళ్లనొప్పి గానీ ఉందా, వెట్‌కి చూపించారా? నొప్పితో ఉన్న కుక్కకు ముందు వైద్యం, తర్వాతే శిక్షణ అన్నారు. ఆ తర్వాత క్యారెట్టు, డ్రై ఫుడ్ గింజ, పనీరు, ఉడికించిన చికెన్ వరుసగా పెట్టి మల్లి దేనికి ముందు వెళ్తుందో చూశారు. బెల్లు కొట్టించి మళ్లీ చికెన్ చూపించారు. అంత ఇష్టమైన ముక్కను కూడా ముట్టుకోలేదంటే, అది అప్పుడు ఏదీ నేర్చుకునే స్థితిలో లేదని. ఆ క్షణంలో "కూర్చో" అని ఎన్నిసార్లు అరిచినా దండగే.

ఆ రోజు పాఠంలో ఎక్కువ భాగం మాకే. మల్లిని గదిలో ఉంచి, ఆయన టెన్నిస్ బంతి వదిలేవారు. అది నేలను తాకిన క్షణానే మేం క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) నొక్కాలి. అందరికన్నా కచ్చితంగా నొక్కింది అత్తయ్య! తర్వాత మల్లితో: క్లిక్, ముక్క, క్లిక్, ముక్క, ఓ పదిహేను సార్లు. క్లిక్ వినిపించాకే చెయ్యి ముక్కల సంచిలోకి వెళ్లాలి. చెయ్యి ముందు కదిలితే కుక్క చేతినే చూస్తుంది, శబ్దానికి అర్థం ఏర్పడదు. ముక్క బఠాణీ గింజలో సగం ఉంటే చాలు. ఉప్పూ కారం, ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. రోజు మొత్తం కేలరీల్లో ఈ చిరుతిండి పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించాలి.

ఎదురింటాయనకు ఇదంతా గారాబంలా కనిపిస్తుంది. గొలుసు ఒక్క గుంజు గుంజితే సరిపోతుందంటారు. 2020లో పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిగిన అధ్యయనం అచ్చయింది. గుంజడం, గద్దించడం లాంటివి ఎక్కువగా వాడే శిక్షణ కేంద్రాల కుక్కల్లో పెదవులు నాక్కోవడం, ఆవలించడం లాంటి ఒత్తిడి గుర్తులు ఎక్కువ కనిపించాయి, శిక్షణ తర్వాత లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా ఎక్కువ పెరిగింది. కాళ్లు కింద పెట్టిందా లేదా అన్నదొక్కటే చూస్తే ఇవేవీ కనపడవు.

సరే, ఆంటీ సంగతి. "ఎగిరితే దయచేసి ముట్టుకోకండి" అని తలుపుకి కాగితం అంటిద్దామని భోజనాల వేళ దాకా గట్టిగా అనుకున్నాను. ఇది రాస్తూ రాస్తూ ఉంటే ఆ ఆలోచన నచ్చడం లేదు. మల్లికి ఆవిడంటే పనీరు కన్నా ఇష్టం. అంత విలువైన జీతాన్ని గుమ్మం బయటే ఆపేయడం దేనికి? ఆవిడనే పాఠంలోకి తెచ్చుకోవాలి.

ఎలాగంటే, మల్లికి ఛాతీ హార్నెస్ (మెడకు కాక ఒంటికి తొడిగే పట్టీ) వేసి, ఆరడుగుల లీష్‌ని (పట్టుకునే తాడుని) కదలని సోఫా కాలికి కట్టాలి. ఆవిడ ఆ లీష్ అందని దూరం నుంచి మొదలుపెట్టాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నంతసేపు అడుగు ముందుకు. ముందుకాళ్లు లేస్తే మాట లేకుండా రెండడుగులు వెనక్కి. కాళ్లు దిగగానే మళ్లీ ముందుకు. దగ్గరికి చేరాక నేను క్లిక్ చేసి ముక్కను నేల మీద వేస్తాను. పైనుంచి అందిస్తే ముక్కు పైకి లేస్తుంది, వెనకే కాళ్లూ లేస్తాయి. మల్లి తల దించి తింటున్నప్పుడు ఆవిడ కదలకుండా ఉండి, తిన్నాక ఛాతీ దగ్గర మూడు సెకన్లు నిమిరి ఆపాలి. తల మీద చెయ్యి వేస్తే మల్లి మళ్లీ పైకి లేస్తుంది. అంతా కలిపి ఐదు నిమిషాల లోపే. పదిలో ఎనిమిదిసార్లు సరిగా వచ్చాకే ఆవిడ చేతిలో ఓ సంచితో రావడం, ఆ తర్వాత గొంతు పెంచి పలకరించడం. రెండూ ఒకేసారి పెంచకూడదు. అసలు బెల్లు వీటన్నిటి తర్వాతే. దాన్ని ఫోనులో రికార్డు చేసి, తక్కువ సౌండుతో మోగించి, మోగాక చికెన్ ఇస్తూ వేరేగా అలవాటు చెయ్యాలి.

కొరియర్ అబ్బాయిలతో ఈ ప్రయోగాలేవీ వద్దు. ముందు హాలు గేటు గడియ, తర్వాతే తలుపు.