పేరు లేని బందీ

"పిన్నీ, చున్నీ మరిచిపోవద్దు. తల కప్పుకోకుండా చర్చిలోకి వెళ్లకూడదు" అని జార్జియా రాజధాని త్బిలిసిలో డాక్టరు చదువుతున్న మా అక్క కూతురు పొద్దున్నే హెచ్చరించింది. దానికి తెలిసినవాళ్లలోనే నలుగురు నినోలున్నారట. జార్జియాలో ఆడపిల్లలకు అంత ఇష్టంగా పెట్టే పేరది.

ముందు మ్త్స్‌ఖేతా. జార్జియా పాత రాజధాని అది. ఆ పేరు పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని కప్పదోకియా నుంచి వచ్చి క్రైస్తవం బోధించిన నినో ఇక్కడే నానా రాణి జబ్బు నయం చేసిందంటారు. మిరియన్ రాజు మాత్రం వెంటనే లొంగలేదు. ఒకనాడు వేటలో పట్టపగలే చీకటి కమ్మింది. తన దేవుళ్లెవరూ పలకకపోయేసరికి నినో దేవుడికి మొక్కుకున్నాడు, వెలుగొచ్చింది. గండం గడిచాక మొక్కు మరిచే రాజుల కథలు చాలా విన్నాను. ఈయన మాట నిలుపుకుని క్రైస్తవుడయ్యాడు. కొండమీద ఆయన నాటించిన కొయ్య శిలువ చోటనే జ్వారీ చర్చి ఉంది. అక్కడి నుంచి చూస్తే కింద అరాగ్వి, మ్త్క్వారి నదులు కలుస్తూ కనిపిస్తాయి.

నినో ద్రాక్షకొమ్మలను తన జుట్టుతోనే కట్టి శిలువ చేసుకుందట. అందుకేనేమో దాని చేతులు కిందికి వాలి ఉంటాయి. అలసిన మనిషి భుజాల్లా అనిపించింది నాకు. ఆ శిలువను త్బిలిసి సియోని చర్చిలో భద్రపరిచారు.

నన్ను పట్టుకున్నది మాత్రం వేరే సంగతి. ఈ కథను మొదట రాసిపెట్టిన చర్చి చరిత్రకారుడు రుఫినస్ ఆమె పేరే చెప్పలేదు. 'బందీగా ఉన్న స్త్రీ' అన్నాడు, అంతే.

మర్నాడు ఆమె సమాధి ఉన్న బోద్బే మఠానికి వెళ్లాం. సోవియట్ కాలంలో 1924లో దీన్ని మూసి ఆసుపత్రిగా మార్చారు. 1991లో మళ్లీ మఠమైంది. "అయితే కొన్నాళ్లు మా వాళ్లదే" అంది మా పిల్ల. అడవిలో మెట్లు దిగి నినో ఊటనీళ్లలో మునిగాం. పళ్లు టకటకలాడాయి. ఎక్కేటప్పుడు నా మోకాళ్లు పెట్టిన మొర ఏ దేవుడూ వినలేదు.

ప్రార్థనకు పేర్లు రాసి ఇవ్వమంటే, కాగితంమీద అమ్మ పేరు తెలుగులోనే రాశాను. సన్యాసిని దాన్ని తలకిందులుగా కూడా తిప్పి చూసి నవ్వింది. నాచేత రెండుసార్లు పలికించుకుని, కింద తన లిపిలో రాసుకుంది. అవీ గుండ్రటి అక్షరాలే. కళ్లజోడు లేకుండా చూస్తే ఏ వరుస నాదో నాకే తెలియలేదు.